తూకం చీటీ సాక్ష్యం



చక్కెర ఫ్యాక్టరీ చరిత్ర అంటే శంకుస్థాపన ఫలకం, చైర్మన్ల జాబితా అనుకుంటాం. నన్నడిగితే అది కాటా దగ్గర మొదలవుతుంది. కటింగ్ ఆర్డరు ఎప్పుడొచ్చింది, బండి గేటు బయట ఎన్ని గంటలు నిలబడింది, తూకం ఎంత, డబ్బెప్పుడు అందింది: ఇవి తెలిస్తే ఆ రైతుకు ఆ ఏడు ఎలా గడిచిందో చెప్పేయొచ్చు. కోసిన చెరకు ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది మరి.

తూకం లెక్క ఎంత గట్టి సాక్ష్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ. అమెరికాలో 1887లో హేవ్‌మేయర్ కుటుంబం వాళ్లు చక్కెర శుద్ధి కంపెనీలను కూడగట్టి ట్రస్టు కట్టారు. 1891లో అది అమెరికన్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ అయింది. దిగుమతయ్యే ముడి చక్కెరకు సుంకం బరువును బట్టి. 1907 నవంబరులో బ్రూక్లిన్ రేవులో రిచర్డ్ పార్ అనే కస్టమ్స్ ఉద్యోగి గుట్టు పట్టుకున్నాడు. 17 కాటాలకు రహస్య రంధ్రాలు, వాటిలోంచి దూర్చి తూకం తగ్గించే ఉక్కు స్ప్రింగు! అయితే ప్రాసిక్యూటర్ హెన్రీ స్టిమ్సన్ చేతికి బలమైన ఆధారమిచ్చింది కంపెనీ సొంత ఖాతాలే. సరుకు అమ్మినవాళ్లకు ఒక బరువు మీద డబ్బిచ్చి, సుంకానికి అంతకంటే తక్కువ బరువు చూపారు. కంపెనీ 20 లక్షల డాలర్లకు పైగా కక్కవలసి వచ్చింది. దొంగలెక్క రాసేవాడికి కూడా ఒకచోట అసలు లెక్క ఉండాలి కదా.

మన ఫ్యాక్టరీల మీద అలాంటి నింద వేయడం లేదు. కానీ వాటి పుస్తకాలు కూడా అలాంటి సాక్ష్యమే. తిరుపతి దగ్గర గాజులమండ్యంలోని శ్రీ వేంకటేశ్వర సహకార ఫ్యాక్టరీ, చిత్తూరు సహకార ఫ్యాక్టరీ రెండూ క్రషింగ్ ఆపేశాయి. సహకార ఫ్యాక్టరీలో చెరకు తోలే రైతే వాటాదారు కూడా. ధర పెంచమని అడిగేదీ, నష్టం భరించేదీ అతనే. ఆ ఇబ్బంది బోర్డు తీర్మానాల పుస్తకంలో కనిపించినంతగా ఏ ఉపన్యాసంలోనూ కనిపించదు. పైగా తూకం రైతు కళ్లారా చూస్తాడు. ధరను తేల్చే రికవరీ, అంటే చెరకు నుంచి వచ్చే చక్కెర శాతం, మాత్రం ల్యాబులో తేలుతుంది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు 14 రోజుల్లో డబ్బివ్వాలంటుంది, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఎవరికి ఎన్నాళ్లు ఆలస్యమైందో, ఆ వడ్డీ ఎవరికైనా అందిందో చెల్లింపుల లెడ్జరే చెప్పాలి.

చిత్తూరులో ఇంకో చిక్కుంది, బెల్లం. మండీలో రేటు బాగుంటే చెరకు గానుగకు పోతుంది, పడిపోతే ఫ్యాక్టరీ గేటుకు వస్తుంది. కాబట్టి బెల్లం మండీ దుకాణాల చిట్టాలు పక్కన లేకుండా ఫ్యాక్టరీ లెక్కలు చదవడం సగం చదువే.

మూతపడిన ఫ్యాక్టరీలో భూమికి, బాయిలర్లకు విలువ కడతారు. పుస్తకాలకు పాత కాగితాల ధర. వేలం పాట కంటే ముందు వాటి జాబితా తయారు కావాలి. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. చరిత్ర, వాణిజ్య శాఖలు కలిసి పూనుకోవచ్చు. అన్నీ మోయలేమంటే ముందుగా ల్యాబు రిజిస్టర్లు, చెల్లింపుల లెడ్జర్లు, తీర్మానాల పుస్తకాలు తీసుకోండి. ఫొటోలు, సన్మాన పత్రాలు తర్వాత చూద్దాం.