పటంలో లేని బావులు

(బాటసింగారంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2021-22లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మీ ఊరికి వచ్చింది. దాని వెంట కుళ్ళిన పండ్లూ, గడ్డీ, అట్టపెట్టెలూ వచ్చాయి. విజయవాడ రోడ్డు వెంట నగరం పెరిగే కొద్దీ చెత్త కూడా ఊరి బయటికి జరుగుతూ వచ్చింది. ఒకప్పుడు ఆటోనగర్‌లో పోశారు. తర్వాత జవహర్‌నగర్‌కు తరలించారు. సుమారు 350 ఎకరాల ఆ స్థలంలో గుట్టలు లేచాయి. వాటి మురుగు ఊట మల్కారం చెరువులోకి దిగింది. బోరు నీళ్ళు చెడితే బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడేది ఎవరో మీకు చెప్పనక్కర లేదు.

ఇప్పుడు ఇలాంటి స్థలాలను కంప్యూటరు పటాలతో వెతుకుతున్నారు. ఆ పద్ధతి పేరు జి.ఐ.ఎస్. పేరు విని భయపడకండి. చెరువులూ వాగులూ ఒక పలుచని కాగితం మీద, ఇళ్ళు ఒకదాని మీద, నేల వాలు, మట్టి, రోడ్లు మరికొన్నిటి మీద గీసి అన్నీ ఒకదానిపై ఒకటి పరచడమే. నిబంధనలు ఒప్పుకోని చోట్లను ముందు కొట్టేస్తారు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమావళి నదికి 100 మీటర్లు, చెరువులకూ ఇళ్ళకూ తాగునీటి బావులకూ 200 మీటర్ల దూరం ఉండాలన్నది. మిగిలిన స్థలాలకు మార్కులు వేస్తారు.

ఈ పద్ధతిని నేను తప్పు పట్టను. కళ్ళు మూసుకుని గుంతలో పోయడం కంటే ఇది ఎంతో నయం. కానీ మనం రెండు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, ఆ మార్కులు ఎవరు వేశారు? లారీ డీజిలు ఖర్చుకు ఎక్కువ, బావికి తక్కువ వేస్తే వచ్చే జవాబు మారిపోతుంది. తప్పు కంప్యూటరుది కాదు.

రెండు, పటంలో ఏం లేదు? "ఖాళీ ప్రభుత్వ భూమి" అని రాసిన చోట మేకలు మేస్తుండవచ్చు, ఒంటరి స్త్రీ అసైన్డ్ చెక్క దున్నుకుంటుండవచ్చు. మన నేల కింద ఉన్నది గ్రానైటు. నీళ్ళు దాని పగుళ్ళ వెంట పోతాయి. 200 మీటర్ల దగ్గర గీత ఆగుతుంది గానీ ఊట ఆగదు.

2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో పనులు మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కాయి. స్థలం ఖాయమయ్యాక పోరాటం రెట్టింపు కష్టం. అందుకే ముందే అడగాలి.

మన పటం మనమే గీద్దాం. ఏ బోరు ఎన్ని అడుగులు, వానాకాలంలో వాగు ఎటు పారుతుంది, మేత ఎక్కడ, రికార్డుకెక్కని గుడిసెలు ఎన్ని - ఇవన్నీ ఆడవాళ్ళకు తెలుసు. సమాచార హక్కు చట్టం కింద పరిశీలించిన స్థలాల జాబితా, వాటి మార్కులు అడుగుదాం. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద బహిరంగ విచారణ జరిగితే ఈ పటం చేతబట్టుకుని వెళదాం.

చివరిగా ఒక మాట. "మా ఊళ్ళో వద్దు" అని ఊరుకుంటే చెత్త మనకంటే నోరులేని ఊరికి పోతుంది. మార్కెట్ తడి చెత్త అక్కడే ఎరువో గ్యాసో కావాలని కూడా అడుగుదాం. అప్పుడే ఏ ఊరి మీదనైనా పడే ఎకరాలు తగ్గుతాయి.