కొత్త కుందేలుకు తొలి పరీక్షలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 30 డిగ్రీల వేడికే అలసిపోయే కుందేలును కొనితెచ్చినప్పుడు ముందుగా నీడ, గాలి, నీరు సమకూర్చి, పాత కుందేళ్లకు దూరంగా రెండు వారాలైనా ఉంచి గమనించాలి. చెవి లోపల గోధుమరంగు పొలుసులు పేరుకుంటే అది సోరోప్టెస్ అనే సూక్ష్మ పరాన్నజీవి వల్ల కలిగే చెవి గజ్జి. పొలుసులను పీకితే విపరీతమైన నొప్పి కలుగుతుంది కనుక వాటి జోలికి పోకుండా, పశువైద్యుడు బరువునుబట్టి నిర్ణయించే ఐవర్‌మెక్టిన్‌తో నయం చేయించాలి. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ కుందేలు ప్రాణానికే ముప్పు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ కూడా పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రమాదకరమైన విరేచనాలు తెస్తుంది కాబట్టి సొంత వైద్యం తగదు. చెవి గజ్జి వైద్యానికి కొంత ఆగవచ్చు గాని, మేత మానితే ఆగకూడదు: పూటంతా తినక, పెంటికలు వేయని కుందేలుకు పేగుల కదలిక నిలిచిపోతూ ఉండవచ్చు గనుక దానిని అదే రోజు పశువైద్యశాలకు చేర్చాలి.