ఖుర్తుబా వీధులు, మన దస్తావేజులు

(కీసరలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము దంపతులం స్పెయిన్ దేశంలోని కార్డోబా నగరాన్ని చూసి వచ్చామని తెలిసి, ఆ విశేషాలను చెప్పవలసిందిగా నిర్వాహకులు కోరారు. ఉర్దూ పుస్తకాలలో ఖుర్తుబా అని మనం చదువుకొన్న నగరం అదే. ఒక సమాజం తన జ్ఞాపకాలను ఎట్లా పోగొట్టుకొంటుందో, ఎట్లా కాపాడుకొనవచ్చునో ఆ వీధులలో మాకు కొంత బోధపడింది. కీసర, నాచారం, ఉప్పల్ ప్రాంతాల కుటుంబాలకు అది ఉపయోగపడుతుందని నమ్మి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

అక్కడ ఉన్న మూడు రోజులూ మేము కాలినడకనే తిరిగాము. పింఛను మీద బ్రతికే వారికి అదే తగిన ప్రయాణం. పైగా ఆ పాత నగరంలోని సందులు మన చార్మినార్ వెనుక గల్లీల వలె ఇరుకైనవి. వాహనం ఎక్కినవారికి అవి కనబడవు. నది పేరు గ్వాదల్‌కివీర్. అరబ్బీలోని వాదీ అల్ కబీర్, అనగా పెద్ద నది, స్పెయిన్ వారి నాలుకపై ఆ రూపం తీసుకొన్నది. మసీదు ముంగిట నారింజ చెట్ల వరుసలున్నాయి. వారి భాషలో ఆ పండు పేరు నారంహ. మన నారింజ, వారి నారంహ ఒకే మాట. మన దేశం నుండి పారశీకం, అరబ్బీల మీదుగా అది అంత దూరం నడిచి వెళ్ళింది. పాలకులు మారినా, మతాలు మారినా, మాటలు మాత్రం ఊరు విడిచి పోలేదు.

ఆ మసీదు నిర్మాణాన్ని మొదటి అబ్దుర్రహ్మాన్ 785లో ప్రారంభించాడు. అంతకుముందు ఆ స్థలంలో చర్చి ఉండేదని సంప్రదాయం చెబుతున్నది. చరిత్రకారులు దానిని ఇంకను చర్చిస్తున్నారు. తరువాతి రెండు శతాబ్దాలలో మసీదును పలుమార్లు విస్తరించారు. పాత రోమన్ కట్టడాల నుండి తెచ్చిన స్తంభాలను అందులో వాడుకొన్నారు. నేటికీ ఎనిమిది వందలకు పైగా స్తంభాలు, వాటిపై ఎరుపు తెలుపు కమానులు నిలిచియున్నాయి. మిహ్రాబ్ మీది బంగారు పొదుగు పనికి బైజాంటియం చక్రవర్తి తన పనివారిని పంపినాడట. క్రైస్తవ రాజ్యపు నేర్పు మసీదు మిహ్రాబ్‌లో మెరుస్తున్నది.

1236లో క్రైస్తవ సేనలు నగరాన్ని గెలిచి మసీదును కెథెడ్రల్‌గా మార్చాయి. 1523లో దాని నడుమ భాగాన్ని కూల్చి పెద్ద చర్చి కట్టబూనినప్పుడు, ఆ ప్రయత్నాన్ని ఎదిరించినది ఎవరో తెలుసునా? ఆ ఊరి నగర సభ! అందులోని వారందరూ క్రైస్తవులే. ఇటువంటి కట్టడం మరల కట్టలేమని వారు వాదించారు. చక్రవర్తి అయిదవ చార్లెస్ అనుమతి ఇవ్వడంతో వారి మాట చెల్లలేదు. అయినను, పొరుగువాని ఆరాధనాలయం కోసం నిలిచిన ఆ మనుషులను మనం గౌరవంతో తలచుకోవాలి.

పాత కోట గోడ ప్రక్కన ఇబ్న్ రుష్ద్ విగ్రహం ఉంది. అక్కడికి కొద్ది దూరంలోనే, యూదుల వాడలో, యూదు తత్వవేత్త మైమొనిడీస్ విగ్రహం ఉంది. ఇద్దరూ ఆ ఊరిలో పుట్టినవారే. ఇద్దరూ ఆ ఊరికి దూరమైనవారే. ముస్లిం పాలకులైన అల్ మొహాద్‌ల కాలంలో మైమొనిడీస్ కుటుంబం ప్రాణభయంతో ఊరు విడిచింది. ఆ పాలకులే తమ ఖాజీ అయిన ఇబ్న్ రుష్ద్‌ను 1195లో వెలివేసి, ఆయన గ్రంథాలను కాల్పించారు. మా శ్రీమతి ఆ విగ్రహం ఎదుట నిలిచి, "ఏమండీ, హక్కులు అడిగేవారు ఈ సంగతి కూడా చెప్పాలి కదా" అన్నది. ఆమె మాట న్యాయమైనది. అల్పసంఖ్యాకుల హక్కు అనేది మనం అల్పసంఖ్యాకులమైన చోట మాత్రమే గుర్తుకు వస్తే, అది హక్కు కాదు, అవసరం.

1492లో గ్రనాడా లొంగిపోయినప్పుడు కుదిరిన ఒప్పందం ముస్లింల మతస్వేచ్ఛకు హామీ ఇచ్చింది. 1502 నాటికి కాస్టీల్ రాజ్యంలో వారికి మతమార్పిడి, దేశత్యాగం అనే రెండే దారులు మిగిలాయి. 1609 నుండి మతం మారినవారి సంతతిని కూడా వెళ్ళగొట్టారు. కాగితంపై హామీ ఉన్నా, దానిని నిలబెట్టే వ్యవస్థ లేకపోతే జరిగేది ఇదే. సరిగా 500 ఏళ్ళకు, 1992లో, అదే స్పెయిన్ ఇస్లామిక్ సంఘంతో చట్టబద్ధమైన ఒడంబడిక చేసుకొని ముస్లింల మతహక్కులను గుర్తించింది.

ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య జీవితం గడిపిన మా దృష్టిని అన్నిటికంటె ఆకర్షించిన సంగతి మరొకటి. ఆ కట్టడం చర్చి పేరిట ఆస్తుల రిజిస్టరులోకి ఎక్కినది 1236లో కాదు, 2006లో! 1946 నాటి ఒక చట్టం ప్రకారం బిషప్ ఇచ్చే ధ్రువపత్రమే హక్కుపత్రంగా చెల్లేది. 1998లో చేసిన సవరణ వలన ఆరాధనాలయాలను కూడా ఆ విధంగా నమోదు చేసుకొనే వీలు కలిగింది. రుసుము సుమారు 30 యూరోలు. పదమూడవ శతాబ్దం నుండి అది తమదేనని చర్చి వాదన. అది ప్రజలందరి వారసత్వమని ఆ ఊరి పౌరులు అనేకులు ఉద్యమించారు. బిషప్ ధ్రువపత్రంతో నమోదు చేసే పద్ధతిని 2015లో రద్దు చేశారు. నమోదైనది మాత్రం నమోదైనట్లే ఉంది.

ఇక మన సంగతి. ఖుర్తుబా మసీదుపై ప్రసిద్ధ కావ్యం రాసిన ఇక్బాల్, అంతకు చాలాముందే, 1910లో, మన హైదరాబాద్ వచ్చి కుతుబ్ షాహీ సమాధులను చూసి చలించి కవిత రాశాడు. నాచారానికి దగ్గరలోనే మౌలాలీ గుట్ట ఉన్నది. దాని పాదాన ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా తన తల్లికి సమాధి కట్టించింది. 1824లో తానూ అక్కడే ఖననమైంది. విమానమెక్కి ఖుర్తుబా వెళ్ళలేకపోయినా, మౌలాలీ వరకు పిల్లలను నడిపించుకొని వెళ్ళడానికి ఎవరి అనుమతి కావాలి?

1995 నాటి వక్ఫ్ చట్టాన్ని 2025లో సవరించారు. దీర్ఘకాల వాడుక వలన వక్ఫ్‌గా గుర్తింపు పొందే మార్గాన్ని ఇకమీదట తొలగించారు. అంతకుముందే నమోదై, వివాదంలో లేక, ప్రభుత్వ భూమి కానట్టి వాటికి రక్షణ ఉంచారు. వివరాలను ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయాలన్నారు. దీని న్యాయాన్యాయాలపై న్యాయస్థానాలలో పోరాటం సాగనివ్వండి. అది మన హక్కు. అయితే పోరాడే వకీలు చేతికి కాగితం అందించవలసినది మనమే.

అందుచేత మూడు పనులు సూచిస్తున్నాము. మొదటిది, ప్రతి మసీదు, దర్గా, ఖబ్రస్తాన్‌కు ఒక దస్త్రం తయారు చేయండి. గెజిట్ ప్రతి, సర్వే నంబరు, పాత పహాణీ, సేత్వార్, ఉంటే ముంతఖబ్, అన్నీ ఒకచోట చేర్చండి. లేనివాటికి ధ్రువీకృత నకళ్ళ కోసం దరఖాస్తు చేయండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పోర్టల్‌లో ఎక్కిన విస్తీర్ణం దస్త్రంతో సరిపోతున్నదా అని ముతవల్లిని మర్యాదగా అడగండి.

రెండవది, నెలకొక ఆదివారం కుటుంబసమేతంగా ఒక పాత స్థలానికి నడవండి. ఫోటో తీయండి, హద్దులు రాసుకోండి, అక్కడి వృద్ధుల మాటలను తేదీ వేసి భద్రపరచండి. స్త్రీలు తప్పక రావాలి. ఇంటి పెద్దమ్మలకు తెలిసిన సమాధుల వివరాలు ఏ రిజిస్టరులోనూ దొరకవు.

మూడవది, ఇరుగుపొరుగును వెంట తీసుకొనిపొండి. కీసరగుట్టపై బయటపడిన విష్ణుకుండినుల నాటి అవశేషాలు మన ఊరి సంపద. వాటిని మనం ఆదరంతో చూసినప్పుడే, మన ఖబ్రస్తాన్ గోడ కూలిన రోజున వారు మన ప్రక్కన నిలుస్తారు. ఆనాటి ఖుర్తుబా నగర సభ వంటి పొరుగువారు మనకు కావాలంటే, ముందు మనం అటువంటి పొరుగువారం కావాలి.

ఈ సభ ముగిసే లోపల మూడు బస్తీల నుండి ముగ్గురేసి యువకులు, యువతులు పేర్లు ఇస్తే, దస్త్రాలు రాయడం నేర్పడానికి మేము దంపతులం సిద్ధంగా ఉన్నాము. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. వస్సలాం.