కలకత్తా పోలీసున ప్రత్యేక శాఖలు

(ఒక పఠనమందిరమున చేయబడిన యుపన్యాసము)



పోలీసనిన మనకు స్ఫురించునది వీధి మలుపున నిలుచు భటుడు, ఠాణా, ఠాణాలోని దస్తరము. మహానగరమున కింతమాత్రము చాలదు. జేబుదొంగను పట్టు నేర్పు వేఱు, కూటపత్రములు సృష్టించువానిని పట్టు నేర్పు వేఱు. అందుచే నగరపు పోలీసునందు చిన్న చిన్న శాఖలు పుట్టుచుండును. మన హైదరాబాదులో 2014 అక్టోబరు 24వ తేదీన నేర్పడిన షీ టీములు అట్టివే. సాధారణ దుస్తులతో బస్సులు నిలుచు తావులను, కళాశాలల దాపునను పొంచియుండి, స్త్రీలను వేధించువారిని అచ్చటికచ్చటనే పట్టుకొనుట వాని పని. ఆడపిల్లల తండ్రులు మీలో పెక్కురు గలరు. ఆ శాఖ యేల యని యడుగువారు మీలో నుండరు. నేనును అడుగను. కాని యిట్టి శాఖ పుట్టినపిదప నెట్లు పెరుగునో, ఎంతవఱకు పోవునో తెలిసికొనవలెనన్నచో కలకత్తా చరిత్రను మించిన పాఠము లేదు. నేటి ప్రసంగము దానినిగూర్చియే.

కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములకు 1856వ సంవత్సరపు చట్టముచే పోలీసు కమీషనరు లేర్పడిరి. ఆ కాలపు భటునకు గస్తీ తిరుగుట తెలియును. శవమును జూచి హంతకుని జాడ తీయుట తెలియదు. 1868 ఏప్రిలులో ఆమ్‌హర్స్టు వీధిలో రోజ్ బ్రౌను అను స్త్రీ హత్య చేయబడి పడియుండెను. నగరమంతయు గగ్గోలెత్తినది. నాటి కమీషనరు స్టూవర్టు హాగు ఆ సంవత్సరము నవంబరులోనే అపరాధ పరిశోధనకై వేఱొక శాఖను నెలకొల్పెను. లండను నగరమున 1842 నుండియే చిన్న పరిశోధకవర్గ ముండినమాట నిజమే గాని, సి.ఐ.డి. యని నేడు మనము పిలుచు శాఖ యచ్చట నేర్పడినది 1878లో. ఈ కలకత్తా శాఖలో పనిచేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయుడు తన యనుభవములను ‘దారోగర్ దఫ్తర్’ అను పేర వంగభాషలో ప్రకటించెను. మన అపరాధ పరిశోధక నవలలను రాత్రులు మేల్కొని చదువువారు ఆ వంగదేశపు దారోగాకు కొంత ఋణపడియున్నారనుట అతిశయోక్తి గాదు.

ఇక వ్రేలిముద్రల శాఖ. ఇది నగర పోలీసునకు గాక బంగాళా రాష్ట్రపు పోలీసునకు చెందినదైనను, కలకత్తాలో పుట్టినదగుటచే విడువరానిది. మన యిండ్లలో అవ్వలు పసిబిడ్డ వ్రేళ్లు విప్పి చక్రము లెన్ని, శంఖము లెన్ని యని లెక్కించుట మీరెఱుగుదురు. ఆ లెక్కనే శాస్త్రముగా మార్చినవారు ఖుల్నా జిల్లాకు చెందిన కాజీ అజీజుల్ హకు, హేమచంద్ర బోసు అను నిద్దఱు ఉద్యోగులు. అదివఱకు నేరస్థుని గుర్తించుటకు వాని తల చుట్టుకొలత, చేతి పొడవు మొదలగునవి కొలిచెడివారు. కొలుచువాడు మారిన కొలత మారెడిది. ముద్ర మారదని గాల్టను పండితుడు 1892లో గ్రంథము వ్రాసి చూపెను గాని, వేలకొలది ముద్రలలో కావలసినదానిని గడియలో తీయుట యెట్లో యెవ్వరికిని తోచలేదు.

ఉపాయ మిది. పది వ్రేళ్లను రెండేసి చొప్పున నైదు జంటలు చేయవలెను. మొదటి జంటలో చక్రమున్న వ్రేలికి 16, రెండవదానిలో 8, తరువాత 4, 2, 1. చక్రము లేనిచో సున్న. జంటలలో నొక ప్రక్కవాని నొకచోట, రెండవ ప్రక్కవాని నొకచోట కూడి, మొత్తముల కొక్కొక్కటి చేర్చిన, ఒక్కొక్కటి 1 మొదలు 32 వఱకు నగు రెండంకెలు వచ్చును. 32ను 32చే హెచ్చించిన 1024. అన్ని గూళ్లుగల బీరువా నొకదానిని చేయించి, ఏ మనుష్యుని కాగిత మే గూటికి చెందునో ఆ గూట నుంచినచో, వెదకుట చిటికెలో పని. 1897లో కలకత్తాలో నెలకొన్న యీ శాఖ లోకమున నిట్టివానిలో మొదటిది. మఱుసటియేట జల్పాయిగురిలో నొక తేయాకు తోట అధికారి హత్యకు గురియయ్యెను. అతని పెట్టెలోని పంచాంగముపై మాసిన ముద్ర యొకటి కనబడెను. పూర్వము దొంగతనమున శిక్షపడిన పాత నౌకరు ముద్రతో నది సరిపోయెను. న్యాయస్థానము దానిని నమ్మి దొంగతనమునకు శిక్షించెను గాని, హత్యకు చాలదని విడిచిపెట్టెను. ఆ న్యాయాధిపతుల నిదానమును మెచ్చుకొనక తప్పదు: ముద్ర వాడచ్చటికి వచ్చెనని చెప్పునేగాని కత్తి నెత్తెనని చెప్పదు.

ఇంతకును ఆ పద్ధతికి పేరేమి? హెన్రీ పద్ధతి! బంగాళమున నిన్‌స్పెక్టరు జనరలుగా నుండిన ఎడ్వర్డు హెన్రీ 1901లో లండనునకు పోయి అచ్చటను ముద్రల శాఖను పెట్టించి, 1903లో ఆ మహానగరమునకు కమీషన రయ్యెను. హకునకు ఖాన్ బహదూరు, బోసునకు రాయ్ బహదూరు బిరుదములును, కొంత పారితోషికమును ఎన్నటికో దక్కెను. పోషకునకు కొంత కీర్తి చెందవలసినదే. కాని లెక్క వేసినవారి పేరు లెక్కపై లేకుండుట యేటి న్యాయము?

మూడవది స్పెషల్ బ్రాంచి. వంగవిభజనానంతరము రేగిన విప్లవోద్యమము నణచుటకై 1909లో నేర్పడినది. దీని దృష్టి దొంగలపై లేదు. ఎవడే పుస్తకము చదువును, ఎవని యింటి కెవడు పోవును, ఎవనికే యుత్తరము వచ్చును అనునవియే దీని విషయములు. దీనికి ప్రాణమువంటివాడు చార్లెస్ టెగార్టు, 1923 మొదలు 1931 వఱకు కమీషనరు. 1924 జనవరిలో గోపీనాథ సాహా అను యువకుడు టెగార్టనుకొని ఎర్నెస్టు డే అను నిరపరాధిని కాల్చి, తానురికంబ మెక్కెను. ఆ పొరపాటును తలచినప్పుడెల్ల నాకు రెండు వైపులను దుఃఖమే.

ఇన్ని కన్నులున్న శాఖకు 1941 జనవరి 16వ తేదీ రాత్రి కన్ను గప్పినవాడు సుభాష్‌బాబు. ఎల్గిన్ రోడ్డు ఇంటిచుట్టును కావలి యుండగనే, పఠాను వేషమున కారెక్కి, అన్నకుమారుడు శిశిరుడు నడుపగా, గోమో స్టేషను చేరి రైలెక్కెను. పక్షి యెగిరిపోయిన సంగతి లోకమునకు దెలియుటకు దాదాపు పది దినములు పట్టెను.

1947 వచ్చెను. దొరలు పోయిరి. టెగార్టు అప్పటికే గతించెను. కావలివారింటికి పోయిరా? పోలేదు! 2015లో వెలువడిన గూఢచారిశాఖ దస్తరములబట్టి 1948 మొదలు 1968 వఱకు బోసు కుటుంబపు ఉత్తరములు విప్పబడుచు, నకళ్లు తీయబడుచు, ఇంటికి వచ్చిపోవువారి పేర్లు వ్రాయబడుచునే యుండెను. ఆ యేటనే సెప్టెంబరు 18వ తేదీన పశ్చిమ బంగాళ ప్రభుత్వము 64 దస్తరములను కలకత్తా పోలీసు ప్రదర్శనశాలలో ప్రజలయెదుట నుంచినది. ఏ మహనీయుని పటమును కచ్చేరీలలో గోడలకు తగిలించితిమో, ఆయన బంధువుల యుత్తరములను మన కచ్చేరీలోనే ఆవిరిపట్టి విప్పుకొంటిమి. శాఖను పుట్టించిన యవసరము చచ్చినను శాఖ చావదు. దానికి గుమాస్తాలు, బీరువాలు, జీతములు గలవు.

ఈ సంగతి మనకేల యందురా? 2022వ సంవత్సరపు చట్టముచే ముద్రలతోపాటు కనుపాప గుర్తులును తీసికొని 75 సంవత్సరములు భద్రపఱచవచ్చును. పూర్వము శిక్షపడనివాడు నిర్దోషిగా విడుదలయైన తుడిచివేయవలెనని యందే యున్నది గాని, న్యాయస్థానము కారణము వ్రాసి యుంచుమనినచో నుంచవచ్చును. హకు బీరువాకు 1024 గూళ్లు. నేటి యంత్రమునకు గూళ్ల లెక్క లేదు.

షీ టీములను నేను కోరుదును. కోరుచునే, అవి రహస్యముగా తీసిన దృశ్యములు కేసు ముగిసినపిదప నేమగుచున్నవి, ఎన్నాళ్లుంచబడును, చూచుట కెవరి కధికారము గలదు అని యడుగుదును. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో నీ ప్రశ్న వేయవచ్చును. గూఢచారి శాఖలకు 24వ సెక్షను మినహాయింపు నిచ్చునన్నది నిజమే. కాని మానవహక్కుల యుల్లంఘన, లంచగొండితన మనిన యారోపణల కా మినహాయింపు వర్తింపదు. అర్జీ నమూనా యొకటి వ్రాసి తెచ్చితిని. పత్రికల బల్లపై నుంచెదను. నకలు కావలసినవారు తీసికొనవచ్చును.