పెట్టెలో దాచిన పరికరాలు
(వార్షిక సమావేశంలో మన సంఘం కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేళ మేము లెక్కలు చదువుతాం. జకాత్ ఎంత వచ్చింది, సదఖా ఎంత వచ్చింది, ఎందరి ఫీజులు కట్టాం, ఎవరి మందులకు ఎంత ఇచ్చాం. ఆ లెక్కలన్నీ ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి లెక్కల్లో రాని ఒక సంగతి మీ ముందు పెట్టాలనుకున్నాం. మీరిచ్చే డబ్బుతో సంబంధం ఉన్నది కాబట్టి మీకు చెప్పకుండా దాచడం న్యాయం కాదు.

ఫీజు సాయం కోసం ఒక ఆడపిల్ల దరఖాస్తు పెట్టింది. మన పద్ధతి ప్రకారం ఇంటికి వెళ్లి విచారించాం. తండ్రి లేడు. తల్లి కుట్టుపని చేస్తుంది. అన్న గల్ఫులో కొన్నేళ్లు పనిచేసి తిరిగివచ్చాడు. మాటల మధ్యలో ఆ తల్లి లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చి మా ముందు పెట్టింది. "భాయ్, వీడి సంపాదనంతా ఇందులోనే ఉంది, చూడండి" అంది. అందులో పద్నాలుగు వేప్ పరికరాలు ఉన్నాయి. పొగ పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్లు. కొన్ని ఇత్తడివి, కొన్ని రాగివి, ఒకటి రంగుపట్టిన కొయ్యది. ఒక్కొక్కటి మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. వాటికి పెట్టిన ఖర్చు చెల్లెలి ఫీజుకు సరిపోయేది.

మాలో కొందరికి కోపం వచ్చింది. ఇలాంటి ఇంటికి దాతల సొమ్ము ఎలా ఇస్తాం అన్నారు. మరికొందరు ఆ పిల్ల చేసిన తప్పేమిటి అన్నారు. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. పిల్లకు సాయం ఇవ్వాలని తేల్చాం. అన్నను తిట్టకుండా ముందు ఒక ప్రశ్న అడగాలని కూడా తేల్చాం. పీల్చడానికి ఒకటి చాలు కదా, పద్నాలుగు ఎందుకు?

మేము అడిగాం. ఆ కుర్రాడు చెప్పినదీ, ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాం.

ముందు ఆ వస్తువు సంగతి. చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఔషధ నిపుణుడు 2003లో నేటి ఈ-సిగరెట్‌కు రూపమిచ్చాడు. ఆయన బాగా సిగరెట్లు కాల్చేవాడు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. వేప్‌లో బ్యాటరీ, తీగచుట్ట, దూది, ద్రవం ఉంటాయి. గ్లిజరిన్ వంటి ద్రవంలో నికోటిన్, వాసనలు కలుపుతారు. తీగ వేడెక్కితే దూదిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పీలుస్తారు.

మొదట్లో అది సిగరెట్ ఆకారంలోనే ఉండేది. చిన్న బ్యాటరీ గంటల్లో అయిపోయేది. అప్పుడు చేతిపని తెలిసిన కొందరు టార్చిలైటు గొట్టాల్లో పెద్ద బ్యాటరీ అమర్చుకుని సొంతంగా పరికరాలు చేసుకున్నారు. మార్పు చేసినది కాబట్టి దాన్ని 'మాడ్' అన్నారు. తర్వాత అమెరికా, గ్రీసు, ఫిలిప్పీన్స్ వంటి దేశాల్లో చిన్న చిన్న వర్క్‌షాపులు వీటిని కొద్ది సంఖ్యలో, వరస నంబర్లు వేసి, చెక్కుడు పనితో తయారుచేశాయి. వంద మాత్రమే చేశాం అనగానే కొనేవాడి మనసు మారిపోతుంది. పొగ కోసం కొనే వస్తువు దాచుకునే వస్తువైపోయింది.

ఇక ఆ కుర్రాడి మాటలు. "చాచా, మొదటిది సిగరెట్ మానడానికే కొన్నాను. అది కారింది. రెండోది గొంతు మండించింది. మూడోది బాగుంది కానీ దాని తీగచుట్టలు మార్కెట్లో దొరకడం మానేశాయి" అన్నాడు. సేకరణ చాలామందికి ఇలాగే మొదలవుతుంది. సరైనది ఏదో దొరుకుతుందని వెతుకుతూ పోతారు. పాతవి పారేయబుద్ధి కాదు. ఒకరోజు సొరుగు తెరిస్తే పది ఉంటాయి.

రెండో కారణం భయం. వేప్ మోడళ్లు త్వరగా మారిపోతాయి. ఏ దేశంలో ఎప్పుడు నిషేధం వస్తుందో తెలియదు. ఎమిరేట్స్‌లో 2019లో అమ్మకానికి అనుమతి ఇచ్చారు. పక్కనే ఖతర్‌లో నిషేధం. రేపు దొరకదేమో అనుకున్నవాడు ఈరోజే రెండు కొంటాడు. దివిసీమ వాళ్లం, ఇది మనకు అర్థం కానిది కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మా ఇళ్ల పెద్దవాళ్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి అటక మీద అగ్గిపెట్టెలు, బియ్యం దాచేవారు. లేమి చూసినవాడి చెయ్యి దాచడానికే అలవాటు పడుతుంది.

మూడో కారణం పనితనం. తీగ చుట్టడం, దూది మార్చడం, ఇత్తడి మెరిసేలా తుడవడం ఆ కుర్రాడికి ఇష్టం. ఇందులో వింతేముంది? చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, పెడన కలంకారీ అచ్చులు మన పక్క ఊళ్లవే. సన్నటి పనిని చూసి ముచ్చటపడే కళ్లు ఈ నేలలో పుట్టినవాళ్లకు ఉంటాయి.

నాలుగో కారణం చెబుతున్నప్పుడు అతను తల వంచుకున్నాడు. "అక్కడ గదిలో పదిమందిమి చాచా. మంచం నాది కాదు, అలమర నాది కాదు. నాదంటూ ఉన్నది ఈ పెట్టె ఒక్కటే. సెలవురోజు పెట్టె తెరిస్తే నలుగురూ చుట్టూ చేరేవారు. ఏది ఎక్కడిదో చెప్పమని అడిగేవారు." ఒంటరితనంలో ఉన్న కుర్రాడికి ఆ పెట్టె స్నేహితుల్ని తెచ్చింది, పదిమందిలో ఒక గుర్తింపు తెచ్చింది. మన పిల్లల్ని గల్ఫుకు పంపి, వాళ్లు పంపే డబ్బు లెక్కపెట్టుకున్న మనం, వాళ్ల సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో ఎప్పుడైనా అడిగామా?

పొగతో ముడిపడిన వస్తువుల్ని దాచుకోవడం కొత్త సంగతి కాదు. మన తాతల ఇళ్లలో పాన్‌దాన్‌లు, హుక్కాలు ఉండేవి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పనితనం చేసిన హుక్కా కుదుళ్లు ఇప్పటికీ చూడవచ్చు. నల్లటి లోహం మీద వెండి తీగె పొదిగిన ఆ పని చూస్తే పొగ సంగతే గుర్తురాదు. నశ్యానికి మన బందరు పేరు సముద్రాలు దాటింది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ దుకాణాల్లో 'మసూలిపటం' అనే పేరుతో ఒక నశ్యం అమ్మేవారు. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ రత్నాలు పొదిగిన నశ్యపు డబ్బీల్ని సేకరించాడు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లోని ఒక మ్యూజియంలో ఉన్నాయి. నశ్యం పోయింది, రాజు పోయాడు, డబ్బీలు మిగిలాయి.

అయితే ఇది తపాలా బిళ్లల సేకరణ లాంటిదేనా? కాదు. తేడా ఇక్కడే ఉంది. తపాలా బిళ్లల పుస్తకం తెరిస్తే ఊపిరితిత్తుల్లోకి ఏదీ పోదు. నికోటిన్ పీల్చిన కొద్ది సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. ఆ హాయి ఏ వస్తువు చేతిలో ఉండగా కలిగిందో, మెదడు ఆ వస్తువును గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అది కంటబడితే చాలు, పీల్చాలనిపిస్తుంది. పద్నాలుగు పరికరాలు ఉన్న ఇంట్లో ఆ గుర్తుచేసే వస్తువులు పద్నాలుగు ఉన్నట్టు. వస్తువు మీద ముచ్చట, నికోటిన్ మీద ఆశ ఒకే ముడిలో పడిపోతాయి. ఏది ఎంతో ఆ మనిషికే తెలియదు. అందుకే సరదా అనుకున్నది సులభంగా ఆగదు.

న్యాయంగా రెండో పక్క కూడా చెప్పాలి. ఇంగ్లండులో సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్లకు ప్రభుత్వమే వేప్‌లు ఇచ్చే పథకాన్ని 2023లో ప్రకటించింది. అదే దేశంలో పిల్లల చేతుల్లోకి పోతున్నాయని, చెత్త పెరుగుతోందని, ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. సిగరెట్ కాల్చేవాడికి ఇది కొంత మేలు కావచ్చు. ఏదీ అలవాటు లేని పిల్లవాడికి మాత్రం ఇది కొత్త సంకెల.

మన దేశంలో చట్టం స్పష్టంగా ఉంది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసింది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. అమ్మకం వంటి నేరాలకు మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. గల్ఫు నుంచి వచ్చే కుర్రాళ్లు స్నేహితుల కోసమని సంచిలో నాలుగు వేసుకురావడం సరదా అనుకుంటున్నారు. విమానాశ్రయంలో అది సరదా కాదు.

ఇంట్లో మరో ప్రమాదం ఉంది. పాత లిథియం బ్యాటరీ ఉబ్బినా, జేబులో తాళాలకు తగిలి షార్టు అయినా మంటలు లేవవచ్చు. నికోటిన్ ద్రవం పసిపిల్లలు మింగితే విషం. పండ్ల వాసన వస్తుంది కాబట్టి మింగే అవకాశం ఎక్కువ. పనికిరాని బ్యాటరీని పంట కాలువలో పడేయకండి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

ధర్మం సంగతి ఉలమాలే చెప్పాలి. మేము ఒక్క మాట గుర్తుచేస్తాం. ఖుర్‌ఆన్‌లో 102వ సూరా పేరు అత్ తకాసుర్. ఒకరికంటే ఒకరు ఎక్కువ కూడబెట్టుకోవాలనే పోటీ అని దాని అర్థం. ఆ పేరు వేప్ పెట్టె ఉన్న కుర్రాడికే వర్తిస్తుందని అనుకోకండి. బీరువాల్లో చీరలు, చేతుల్లో ఏడాదికో ఫోను, పెళ్లిళ్లలో వంటకాల వరసలు ఉన్న మనందరికీ అది అద్దమే. ఆ రాత్రి మాలో కోపం చల్లారింది ఈ ఆలోచనతోనే.

ఆ కుర్రాడు ఇప్పుడు పూర్తిగా మానేశాడని మేము చెప్పం. తెలియనిది చెప్పడం అబద్ధమవుతుంది. తెలిసినది ఇది. ప్రభుత్వ ఉచిత పొగాకు విరమణ ఫోను 1800-11-2356కు మా ఎదుటే ఫోను చేశాడు. పెట్టె ఇంట్లోంచి పోయింది. వాళ్ల అమ్మ ఇప్పుడు ఆ రేకు పెట్టెలో దారపుండలు పెట్టుకుంటోంది. అతను ఫోన్ల రిపేరు నేర్చుకుంటున్నాడు. సన్నటి తీగ చుట్టిన చేతులు అవి, సన్నటి టంకం వేయడం త్వరగానే పట్టుకున్నాయి. జుమా తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలు అతని దగ్గర కూర్చుంటున్నారు. ఏది ఎలా పనిచేస్తుందో చెబుతున్నాడు. ఆ గదిలో పెట్టె తెరిచినప్పుడు దొరికిన గుర్తింపు ఇక్కడ స్క్రూడ్రైవరుతో దొరుకుతోంది.

దాతలారా, మీ ముందు మా కోరిక ఇదే. ఫీజులకు, మందులకు మీరిస్తూనే ఉన్నారు. ఈ ఏడాది మరొక్క పద్దు కలపండి. తిరిగివచ్చిన కుర్రాళ్లకు ఒక గది, ఒక బల్ల, నాలుగు పనిముట్లు, నేర్పే మనిషికి కూలి. చెయ్యి ఖాళీగా ఉంటే ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఏం పట్టుకోవాలో మనం ముందే అందిద్దాం.

ఆ ఆడపిల్ల ఫీజు కట్టాం. రసీదు ఫైల్లో ఉంది. ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.