తీగ మీది భాష

ఇరువురు సంభాషింపవలెనన్నచో ఇరువురికిని తెలిసిన భాష యొకటి ఉండవలెను గదా! కంప్యూటర్లకును అంతియే. ఆ భాషామర్యాదకే ప్రోటోకాల్ అని పేరు.

మన దేశమున ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. నాడు దారి టెలిఫోను తీగయే. సెకనుకు 28,800 బిట్ల మోడెమ్‌పై ఒక మెగాబైటు ఫైలు చేరుటకు ఇంచుమించు ఐదు నిమిషములు పట్టెడిది. కావున భాషను ఎంచుకొనుటలో మెలకువ కావలసివచ్చెను.

ముందుగా తీగ సంగతి. 1988లో వెలువడిన స్లిప్ పద్ధతి ఐ.పి. ఒక్కదానినే మోయును, దారిలోని దోషమును కనుగొనజాలదు. 1994 నాటి పి.పి.పి. ప్రమాణము దోషమును పసిగట్టును, పలు ప్రోటోకాళ్లను మోయును. అందుచే పి.పి.పి.యే మేలు.

ఇక దానిపై నడచు భాష. నెట్‌బ్యూయి తేలికయైనది; కాని ఒక నెట్‌వర్కు దాటి మరియొకదానికి దారి యెరుగదు. ఇంటినుండి కార్యాలయపు కంప్యూటరునకే నేరుగా ఫోను కలిపి ఫైళ్లు తెచ్చుకొనువారికి నాడు అది చాలెడిది. లోకమంతటితో పని గలవారికి టి.సి.పి./ఐ.పి. తప్పదు.

అయితే శ్రోతలారా, చిక్కు ఇచ్చటనే యున్నది. విండోస్ 95లో ఫైలు పంపకమును ఆ టి.సి.పి./ఐ.పి.కే జతచేసి ఫోను కలిపినచో, రహస్యపదము లేని ఫైళ్లు పరాయివారికిని తెరచియుండెడివి. ఆ జతను విడదీసి, ఇంటిలోని పంపకమును నెట్‌బ్యూయికి అప్పగించుట నాటి వివేకుల పద్ధతి.

ఫోను మోడెమ్‌లు మూలబడినను ముప్పు తీరలేదు. 2017 మే నెలలో వానాక్రై విండోస్ ఫైలు పంపకపు లోపము గుండనే వ్యాపించి బ్రిటనులోని పలు ఆసుపత్రుల పనికి అంతరాయము కల్పించెను. కావున మన ఫైళ్లను ఎవరికి, ఏ తీగపై తెరచితిమో నేడే ఒకమారు చూచుకొందము.