వోటు హక్కు – సేవాసంఘాల ఉమ్మడి బాధ్యత

ఏలూరు జిల్లాలో కామవరపుకోట మండలానికి వెళ్లినవారు గుంటుపల్లి కొండను చూడకుండా తిరిగిరారు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దం నాటికే బౌద్ధభిక్షువులు ఆ కొండను తొలిచి చైత్యాన్నీ, విహారాలనూ నిర్మించుకొన్నారు. యాత్రికులు ఆ శిల్పాన్ని చూచి ఆనందిస్తారు. అయితే ఆ గుహలలో నివసించిన భిక్షుసంఘం ఎటువంటి నియమాలకు లోబడి కలిసి బ్రతికినదో తెలుసుకొంటే మన ఆనందం ఇంకొంత హెచ్చుతుంది.

ఆ నియమాలు వినయపిటకంలో ఉన్నవి. సంఘంలో వివాదం పుట్టి, ఏకాభిప్రాయం కుదరనప్పుడు, అధికసంఖ్యాకుల అభిప్రాయం తెలుసుకొనడానికి రంగురంగుల పుల్లలు పంచేవారు. ఆ పుల్లలకు శలాకలని పేరు. వాటిని పంచి తిరిగి తీసుకొనే భిక్షువుకు అయిదు లక్షణాలు విధించారు. అతనికి పక్షపాతం ఉండరాదు, ద్వేషం ఉండరాదు, అవివేకం ఉండరాదు, భయం ఉండరాదు. ఇక అయిదవది, ఎవరు శలాక తీసుకొన్నారో, ఎవరు తీసుకొనలేదో అతనికి తెలిసి ఉండవలె.

మరొక నియమం ఇంకా విశేషమైనది. పక్షానికొకసారి జరిగే ఉపోసథ సమావేశానికి రాలేని రోగి తన మాటను మరొక భిక్షువు ద్వారా పంపవచ్చును. అది కుదరకపోతే అతనిని మంచంమీద మోసుకొని రావలె. కదిలిస్తే ప్రాణానికే ముప్పయితే, సంఘమంతా అతని వద్దకే పోయి సమావేశం జరుపవలె. ఒక్కడు తక్కువైనా అది సంపూర్ణ సంఘం కాదని వారి భావం.

ఈ నియమాల వెలుగులో మన ఎన్నికలను ఒకసారి పరిశీలించుదాము. 2024 మే 13వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ, లోక్‌సభకూ కలిపి ఎన్నికలు జరిగినవి. పోస్టల్ బ్యాలట్లను కూడా కలుపుకొంటే నూటికి 81.86 మంది వోటు వేశారు. అదే రోజున హైదరాబాదు లోక్‌సభ నియోజకవర్గంలో వోటు వేసినవారు నూటికి 48.48 మంది మాత్రమే. మనం మెరుగేనని సంతోషించవచ్చును. కాని మిగిలిన పద్దెనిమిది మంది ఎవరు?

వారందరూ బద్ధకస్తులని అనుకొనడం పొరపాటు. రాజకీయపక్షాలవారు పోలింగునాడు ఇంటింటికీ తిరుగుతారు. పొరుగూళ్లలో ఉన్నవారిని బస్సులలో రప్పిస్తారు. కొన్నిచోట్ల డబ్బు కూడా పంచుతారన్న సంగతి మనకు తెలియనిది కాదు. అయితే ఏ పక్షమైనా తనకు వేస్తారని నమ్మినవారినే పిలుచుకొని పోతుంది. ఎవరి లెక్కలోనూ లేనివారు ఇంటనే మిగిలిపోతారు. పండుముసలివారు, అవిటివారు, పరాయి ఊరినుండి ఈ మధ్యనే కాపురానికి వచ్చిన కోడళ్లు, చేపలచెరువులమీద కాపలా ఉంటూ ఊరు కదలలేని కొల్లేటి కూలీలు, పట్నాలలో చదువుకొంటున్న పిల్లలు, వీరిలో చాలామంది అటువంటివారే. సేవాసంఘాలకు పని ఉన్నది ఇక్కడనే.

నా ఇంటి సంగతి ఒకటి చెప్పుతాను. మెట్టప్రాంతంలోని ఒక ఊళ్లో మా మేనత్తగారు ఉన్నారు. 1962లో మొదటిసారి వోటు వేసినప్పటినుండి ఆమె ఒక్క ఎన్నికను కూడా విడిచిపెట్టలేదు. 2019 ఏప్రిల్‌లో ఎండనుబడి పోలింగు కేంద్రానికి పోయి, వరుసలో నిలబడి, తీరా తన వంతు వచ్చేసరికి జాబితాలో పేరు లేదన్నారు. అంతకుముందు కొన్ని నెలలు కుమార్తె ఇంట ఉండి వచ్చినందున, ఊరు విడిచిపోయినవారిలో ఆమెను జమకట్టారట. "నేను ఇక్కడనే, మీ ఎదుటనే ఉన్నాను గదా నాయనా!" అని మాత్రం అన్నదట ఆమె. ఆ మాట నాకు చాలాకాలం చెవిలో మ్రోగుతూ ఉన్నది.

జాబితాలో పేరు పోవడం మన దేశానికి కొత్త కాదు. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలనాడు, ముఖ్యంగా ఉత్తరాదిన, ఎందరో స్త్రీలు తమ సొంత పేరు చెప్పడానికి సిగ్గుపడి, ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో వ్రాయించుకొన్నారు. అటువంటి పేర్లు సుమారు 28 లక్షలు జాబితాలనుండి తొలగిపోయినవి. అనగా వోటు పోగొట్టుకొనడం పోలింగునాటి విషయం మాత్రమే కాదు. నెలల ముందు, ఎవరూ చూడని వేళ, ఒక కాగితంమీద కూడా అది జరిగిపోతుంది. పోలింగుకు ముందురోజు ఊరేగింపు తీసి, నినాదాలు చేసినంతమాత్రాన ఆ నష్టం తీరదు. నామినేషన్లకు చివరి తేదీ దాటిన తరువాత ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకొనదు.

మరి ఊళ్లలో సంఘాలు లేవా? కావలసినన్ని ఉన్నవి. మహిళల పొదుపు సంఘాలు, యువజన సంఘాలు, గ్రంథాలయ సంఘాలు, రైతుల సహకార సంఘాలు, వికలాంగుల సంఘాలు, విశ్రాంత ఉద్యోగుల సంఘాలు ఉన్నవి. కాని ఎవరి దారి వారిది. బజారువీధికి మూడు సంఘాలవారు మూడుసార్లు పోయి ఒకే కరపత్రం పంచుతారు. ఊరి చివరి పేటకు ఒక్కరూ పోరు. ఏ ఇంటికి కొత్తకోడలు వచ్చినదో పొదుపు సంఘానికి తెలుస్తుంది. ఏ పిల్లవానికి పద్దెనిమిదేళ్లు నిండినవో యువజన సంఘానికి తెలుస్తుంది. ఎవరు మెట్లు ఎక్కలేరో వికలాంగుల సంఘానికి తెలుస్తుంది. ఈ మూడు తెలివిడులూ ఒక్కచోట చేరనందువల్లనే మనుషులు జారిపోతున్నారు.

వేరువేరు సంఘాలు కలిసి పనిచేసిన పూర్వోదాహరణలు మనకు లేకపోలేదు. 1917లో మద్రాసు అడయారులో పుట్టిన భారత మహిళా సంఘం, 1925లో ఏర్పడిన జాతీయ మహిళా మండలి, 1927లో ఏర్పడిన అఖిల భారత మహిళా సభ, ఈ మూడూ 1931లో చేతులు కలిపి, స్త్రీపురుష భేదం లేకుండా వయోజనులందరికీ వోటు ఉండవలెనని ఒకే విజ్ఞాపన పంపినవి. అప్పటి ప్రభుత్వం అంగీకరించకపోయినా, స్వతంత్ర భారత రాజ్యాంగం ఆ కోరికను తీర్చినది. మన కాలంలో కూడా పౌరహక్కుల ప్రజాసంఘం, ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం, డాక్టరు జయప్రకాశ్ నారాయణ్ గారు స్థాపించిన లోక్‌సత్తా వేరువేరుగా వేసిన వ్యాజ్యాలను కలిపి విచారించి, అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తి, విద్యార్హత తెలుసుకొనే హక్కు వోటరుకు ఉన్నదని 2003 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికి లోక్‌సత్తా సేవాసంఘమే. అది రాజకీయపక్షమైనది 2006లో. ఏ ఒక్క సంఘమూ తన పేరు మార్చుకొనలేదు, మరొక దానిలో కలిసిపోలేదు. కోరిక మాత్రం ఒక్కటే.

గ్రామంలో ఈ కలయిక ఎట్లా ఉండవలె? ఎన్నికలు లేని సంవత్సరంలోనే సంఘాలన్నీ ఒకచోట కూర్చుండి, వీధులూ పేటలూ పంచుకొనవలె. ఒక వీధి ఒక సంఘానిదే. ప్రచురితమైన వోటర్ల జాబితాను రచ్చబండవద్ద, గ్రంథాలయంలో, పేటలో పేరుపేరునా చదివి వినిపించవలె. లేనివారిని ఆరవ నమూనా పత్రంతోనూ, తప్పులున్నవారిని, చిరునామా మారినవారిని ఎనిమిదవ దానితోనూ బూత్‌స్థాయి అధికారి వద్దకు పంపవలె. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హతతేదీలే గనుక, పద్దెనిమిది నిండిన పిల్లలు ఏడాదిపాటు కాచుకొనవలసిన పనిలేదు. పోలింగునాడు కూలీలకు సైతం వేతనంతో కూడిన సెలవు ఇవ్వవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135-బి విభాగం చెప్పుతున్నది. ఆ మాట చెరువుల యజమానులకు ముందుగానే గుర్తుచేయవలసినవారు వారికి తెలిసిన రైతుసంఘాలవారే.

ఇక అన్నింటికన్న కష్టమైనది నిష్పక్షపాతం. అభ్యర్థి ఇచ్చిన బండి ఎక్కించి వోటర్లను తీసుకొనిపోవడం చట్టరీత్యా దుష్టాచారం. అంతకుమించి, ఒక్క పక్షం డబ్బు ముట్టుకొన్నా ఆ సంఘాన్ని రెండవ వీధివారు నమ్మరు. "వోటు వేయండి" అనవచ్చునుగాని "ఎవరికి?" అన్న ప్రశ్న సంఘసభ్యుల నోట రాకూడదు. తమ పక్షానికి వేయరని తెలిసిన ఇంటి తలుపును కూడా అదే ఆదరంతో తట్టగలిగినవారే ఈ పనికి అర్హులు. శలాకలు పంచేవానికి విధించిన అయిదు లక్షణాలూ వీరికీ వర్తిస్తవి.

మా మేనత్తగారి కథ ముగింపు చెప్పవలసి ఉన్నది. ఆమె కోడలు ఉన్న పొదుపు సంఘంవారు, ఊరి గ్రంథాలయం కుర్రవారు కలిసి తరువాతి సంవత్సరాలలో జాబితా చదివించారు. ఆమె పేరు తిరిగి ఎక్కినది. 2024లో, ఎనభై అయిదేళ్లు దాటినవారు ఇంటివద్దనే వోటు వేయవచ్చునని తెలిసి, గడువు లోపల పన్నెండు-డి నమూనా పత్రం నింపి ఇచ్చారు. ఎనభై ఏడేళ్ల ఆమె వద్దకు అధికారులే వచ్చారు. వసారాలో చాటు కట్టి, బ్యాలట్ ఇచ్చి, దూరంగా నిలబడ్డారు. ఆమె వోటు వేసి, కవరు అంటించి ఇచ్చినది. ఎవరికి వేసినదో ఇంట్లోవారు గాని, సంఘంవారు గాని నేటివరకూ అడుగలేదు.